ఎక్కువైన చింతగింజ

పోయిన నెల విశాఖపట్నంలో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్తుంటే రైల్లో మా ఎదుటి సీట్లలో ఒక కొత్త జంట కూర్చుంది. పెళ్లయి ఏడాది కూడా అయినట్టు లేదు. ఇద్దరి మధ్యా ఒకటే ఫోను, ఆ ఫోనులో ఒక నీలం చుక్క, ఆ చుక్కే మేం కూర్చున్న రైలట. రైలు ఎక్కడుందో, వచ్చే స్టేషన్ ఎంత దూరముందో, ఎన్ని నిమిషాలు ఆలస్యమో అన్నీ ఆ చుక్కే చెబుతుంటే వాళ్లు ఒక్కసారైనా కిటికీలోంచి బయటికి చూడకుండా నిశ్చింతగా ఉన్నారు. నేను మాత్రం పాత అలవాటు కొద్దీ బొటనవేలితో వేళ్ల గణుపులు తడుముకుంటూ దాటిన స్టేషన్లు లెక్కపెట్టుకుంటున్నాను. మా ఆవిడ అది కనిపెట్టి మోచేత్తో పొడిచింది.

"ఇంక లెక్కలేనా? ఈసారి ఏడ దించుతవ్ నన్ను?"

ఎదుటి అమ్మాయికి ఆ మాటలో ఏదో కథ ఉందని తోచినట్టుంది, నవ్వుతూ మా ఇద్దరి మొహాలూ చూసింది. మేమూ నవ్వి ఊరుకున్నాం. అరగంటలో చెప్పి ముగించే కథ కాదది, పైగా నీలం చుక్క కాలం వాళ్లకు అందులో కష్టమేమిటో అర్థం కావడానికే సగం దారి పట్టేది. నా ఈడు వాళ్లకైతే అంత వివరం అక్కర్లేదు కనుక ఇక్కడ చెప్పుకుంటున్నాను.

అప్పటికి నాకు ముప్పై ఒకటి, ఆమెకు ఇరవై ఏడు, పెళ్లయి ఎనిమిదేళ్లు. సారపాకలో కాగితం మిల్లుకు వెదురు తోలే ఒక కాంట్రాక్టరు దగ్గర నేను లెక్క రాసే పని చేసేవాణ్ణి. నేను చదివింది ఆరో తరగతి, పెనుబల్లిలో, అదీ పూర్తి కాలేదు. లెక్కలు మాత్రం ఎవరూ నేర్పకుండానే పట్టుబడ్డాయి. లారీ నిండా ఉన్న వెదురును చుట్టూ ఒకసారి నడిచి చూసి ఎన్ని కట్టలో చెప్పేవాణ్ణి, దించి చూస్తే రెండు మూడు కట్టలకు మించి తేడా వచ్చేది కాదు. దించేటప్పుడు తప్పు పోకుండా ఉండడానికి నాకొక పద్ధతి ఉండేది. కుడి జేబులో చింతగింజలు పోసుకుని, పది కట్టలు దిగినప్పుడల్లా ఒక గింజను ఎడమ జేబులోకి మార్చేవాణ్ణి. ఎవరు పిలిచినా, ఎవరు పోట్లాడుకుంటున్నా, నెత్తిన వాన పడుతున్నా గింజ గింజే. హమాలీలు ఎగతాళిగా "చింతగింజల సారు" అని పిలిచేవాళ్లు. నాకది బిరుదులాగే ఉండేది.

మా మామ అడవిలో వెదురు కొట్టే మనిషి. భద్రాచలం అవతల రోడ్డు ఆగిపోయిన తర్వాత ఇంకా రెండు వాగులు దాటితే వాళ్ల ఊరు. ఆయన కట్టలు నేను లెక్కపెడుతుండగా కుదిరిన సంబంధం మాది. మా ఇంట్లో ఆదివారం ప్రార్థన, వాళ్లింట్లో కొత్త పంట వస్తే ముందు ఊరి దేవతకు పెట్టనిదే ఒక్క గింజ నోట వేసుకోకపోవడం. కొంతకాలం ఒకరి పద్ధతి ఒకరికి కొత్తగా ఉన్నా, మా అమ్మ దగ్గర ఆమె, వాళ్లమ్మ దగ్గర నేను మెల్లగా కుదురుకున్నాం. కుదరనిదల్లా ఒకటే. ఆమెకు మోటరు బండి పడేది కాదు.

బస్సయినా జీపయినా, ఎక్కి కూర్చున్నాక డీజిలు వాసన తగిలితే చాలు, రెండో మలుపు దాటకముందే కడుపులో ఉన్నదంతా బయటికి వచ్చేది. నిమ్మకాయ, అల్లం, ఖాళీ కడుపు, ముందు సీటు, మూసిన కళ్లు, దవాఖానా మాత్రలు, అన్నీ అయ్యాయి. కల్లూరులో మా తమ్ముడి పెళ్లికి బయలుదేరిన రోజు పాల్వంచ చేరకముందే ఆమె బస్సు ఆపించి దిగిపోయింది. నేను పెళ్లికొడుకు అన్నను, వెళ్లక తప్పదు. చంకలో ఉన్న పిల్లను నా చేతికిచ్చి, అడవి రోడ్డు మీద ఒక్కతే పద్నాలుగు కిలోమీటర్లు నడుచుకుంటూ ఇంటికి తిరిగి వెళ్లిపోయింది. పెళ్లి పందిట్లో పదిమంది మధ్య మా అక్క అన్న మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

"మీ ఆవిడ కోసం బస్సుకి కాళ్లు పెట్టించాలిరా తమ్ముడూ, అప్పుడైతే ఎక్కుద్ది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, అలా నవ్వినందుకు తర్వాత చాలా రోజులు నాలో నేను సిగ్గుపడ్డాను. ఆ పెళ్లి తర్వాత ఆమె ఎక్కడికీ రావడం మానేసింది. ఒకవైపు వంతెన దాటి భద్రాచలం, ఇంకోవైపు బూర్గంపాడు, మహా అయితే ఏడాదికోసారి రెండు రోజుల నడకతో పుట్టిల్లు. నేను కాగితం మీద గీసి చూస్తే పుట్టిల్లు తీసేస్తే ఆమె లోకమంతా నా సైకిలు ఒక పూటలో చుట్టి వచ్చేంత. అందులో నాకు బాధ కలిగించినది ఏమిటంటే, చూడాలన్న ఆశ ఆమెకు నాకంటే పదింతలు ఎక్కువ. గోదావరి ఒడ్డున కూర్చుంటే ఈ నీళ్లన్నీ చివరికి ఎక్కడికి పోతాయని అడిగేది. సముద్రంలోకి అని చెబితే, ఆ సముద్రం నిండదా అని అడిగేది. నేనూ చూడలేదు కనుక చెప్పలేకపోయేవాణ్ణి.

రైలు సంగతి నా బుర్రలో వేసినవాడు లారీలు తూచే కాటా దగ్గర పనిచేసే ఒక పెద్దాయన. దేశమంతా తిరిగిన మనిషి. రైలు బస్సులా గిర్రున మలుపులు తిరగదు, కిటికీ తెరిచి కూర్చుంటే గాలి తప్ప వాసన ఉండదు, మీ ఆవిడకు అది పడుతుందేమో చూడవయ్యా అన్నాడు. తన దగ్గరున్న రైల్వే టైమ్‌టేబుల్ పుస్తకం ఇచ్చాడు. అది ఇంగ్లీషులో ఉండేది. ఊళ్ల పేర్లు ఆయనతో చదివించుకుని పక్కన తెలుగులో రాసుకున్నాను, అంకెలకు మాత్రం నాకు ఎవరి సాయమూ అక్కర్లేదు. రెండు నెలలు ఆ పుస్తకం నా దిండు కిందే ఉంది. నా నియమం ఒకటే: రైలెక్కింది మొదలు రైలు, కాళ్లు తప్ప మూడోది ఉండకూడదు. స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగిన చోట ఉన్నవే మేం చూసే ఊళ్లు. విజయవాడ, రాజమండ్రి, విశాఖపట్నం, బరంపురం, ఆపైన చిలకా సరస్సు ఒడ్డునున్న బాలుగావ్, అక్కడి నుంచి వెనక్కి. పదకొండు రోజులు, ఏడు రైళ్లు. వానలు వెనకబట్టే రోజుల్లో అడవిలో వెదురు కొట్టడం ఇంకా మొదలుకాదు, యార్డులో పని ఉండదు కనుక సెలవుకు ఇబ్బంది లేదు.

ఆమెకు చెబితే పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది. తర్వాత పొయ్యి ముందు నుంచి లేవకుండానే చెప్పింది.

"ఒక్కసారి కక్కుకున్నా ఆడికెల్లి ఎనక్కి తిరుగుడే. మళ్ల నన్ను ఏడికీ రమ్మనొద్దు. మోటరు మాత్రం ఎక్క. ఎవ్వరు చెప్పినా ఎక్క."

నేను ఒప్పుకున్నాను. ఒప్పుకున్నప్పుడే తెలుసు, ఇది రెండుసార్లు చేసి చూసుకునే పరీక్ష కాదని. ఇప్పుడు తప్పితే ఆ గడప అవతల ఆమెను నేను మళ్లీ చూడను.

ఐదేళ్లు నిండిన మా అమ్మాయిని మా అమ్మ దగ్గర వదిలాం. మా అమ్మ "రైలు మాత్రం కదలకుండా పోద్దా ఏంది?" అని గొణిగి, అయినా మా ఇద్దరి నెత్తిన చేతులు పెట్టి ప్రార్థన చేసింది. మా అత్త ఇప్పపువ్వు ఉండలు మూటకట్టి పంపింది. ఇక అసలు చిక్కు మొదట్లోనే ఉంది. భద్రాచలం పేరు పెట్టుకున్న రైలు స్టేషన్ భద్రాచలంలో లేదు, నలభై కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. మీలో ఆ పేరు నమ్ముకుని టికెట్టు కొని, దిగిన తర్వాత గుడి ఎక్కడని అడిగినవాళ్లు ఉండే ఉంటారు. బస్సెక్కకుండా అక్కడికి చేరడానికి నేను సైకిలు తీశాను. తెలవారకముందే ఆమె వెనక కారేజి మీద, సంచి ముందు హ్యాండిలుకు. ఎత్తు వచ్చిన చోటల్లా ఆమె దిగి నడిచేది, నడుస్తూ నన్ను దాటిపోయి పైన నిలబడి నా కోసం ఎదురుచూసేది. ఎత్తులు కలిపితే నలభైలో పదమూడు కిలోమీటర్లు ఆమె నడిచిందని నా లెక్క. "నువ్వు నన్ను తీసుకపోతున్నవా, నేను నిన్ను తీసుకపోతున్ననా?" అని ఒక ఎత్తు మీద నుంచి అడిగింది. పదకొండు రోజుల పాటు నేను దానికి జవాబు వెతుక్కుంటూనే ఉన్నాను.

రైలు కదిలినప్పుడు నేను బయటికి చూడలేదు, ఆమె మొహమే చూశాను. చేతిలో గడియారం, ఆమె చేతిలో నిమ్మకాయ. పది నిమిషాలు. ఇరవై. బస్సులో అయితే ఈపాటికి అయిపోయేది. ఆమె పెదవులు బిగించి, కిటికీ ఊచ పట్టుకుని, గాలికి కళ్లు చికిలించి కూర్చుంది. నలభై నిమిషాలకు ఆమె మెల్లగా పెదవులు విప్పింది. గంటకు నిమ్మకాయను సంచిలో పడేసి, అన్నం డబ్బా ఎక్కడ పెట్టావని అడిగింది. ఆమె రైల్లో పులిహోర తింటుంటే చూసిన ఆనందం నాకు తర్వాత చూసిన ఏ ఊళ్లోనూ కలగలేదంటే నమ్మండి.

ఊళ్ల గురించి ఎంతైనా చెప్పొచ్చు గాని, వాటిలో నేను చూసిందానికంటే ఆమె చూస్తుంటే చూసింది ఎక్కువ. విజయవాడ స్టేషన్లో ప్లాట్‌ఫారాలు దాటే వంతెన మీద గంటసేపు నిలబడి, కింద వచ్చేపోయే రైళ్లను, దిగే మనుషులను చూస్తూ ఉండిపోయింది. గుళ్లు, మేడలు అందరూ చూస్తారు, ఆమె మాత్రం ఎవరు ఎవరిని ఎక్కించడానికి వచ్చారో, ఎవరిని ఎవరూ ఎక్కించడానికి రాలేదో చూసేది. రాజమండ్రి వంతెన మీద రైలు పోతున్నప్పుడు నేను స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాను. సగంలో ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది, లెక్క తప్పిపోయింది. మర్నాడు పొద్దున రేవులో దిగి దోసిట్లో నీళ్లు తీసుకుని, ఈ నీళ్లు మన వంతెన కింద నుంచి ఎప్పుడు పోయి ఉంటాయని అడిగింది. నేను ఒక పుల్లను నీళ్లలో వేసి, దాని పక్కనే ఒడ్డున అడుగులు కొలుచుకుంటూ నడిచి, తోచినట్టు లెక్కగట్టి నాలుగు రోజులని చెప్పాను. మేం ఇల్లు వదిలి మూడో రోజు. "గట్లయితే మనం ఇంటికాడ ఉన్నప్పుడు చూసిన నీళ్లే ఇవి, మనకంటే ముందు బయలెల్లినయ్" అని ఆ నీళ్లతో మొహం కడుక్కుంది. నా లెక్క ఎంతవరకు సరైనదో నాకు తెలియదు గాని, ఒక లెక్కతో అంతటి పని చేయొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

విశాఖపట్నంలో స్టేషన్ నుంచి సముద్రం దాకా నడిచాం. ఆమె నీళ్లలో మోకాళ్ల దాకా దిగి, చిటికెన వేలితో తీసి నాలిక్కి తగిలించుకుని మొహం చిట్లించింది. నిమిషానికి ఎన్ని అలలు వస్తాయో నేను గడియారం పెట్టుకుని చూస్తుంటే, కాసేపు ఊకుండి ఊకె చూడమని కోప్పడింది. నేను గడియారం జేబులో పెట్టి ఊరికే చూశాను. నిండదా అని అడిగిన మనిషి అక్కడ మాత్రం ఏమీ అడగలేదు.

ఇలా ఆరు రోజులు గడిచాయి. ఆమె మొహంలో రంగు మారింది, మాట మారింది, రైలెక్కేటప్పుడు నా చెయ్యి అందుకోవడం కూడా మానేసింది. ఏడో రోజు పొద్దున బరంపురంలో బాలుగావ్ వెళ్లే పాసింజరు ఎక్కాం. అక్కడి స్టేషన్ బోర్డుల మీద తెలుగు ఉండదు. ఇంగ్లీషు అక్షరాలు నాకు విడివిడిగా తెలుసు గాని కలిపి చదవడం రాదు. అయినా నాకు భయమేమీ లేదు, నా కాగితంలో ఉంది: బరంపురం దాటాక తొమ్మిదో స్టేషన్. ఆ ప్రయాణమంతా నేను స్టేషన్లు గింజలతోనే లెక్కపెడుతూ వచ్చాను. బండి ఆగితే ఒక గింజ కుడి జేబులోంచి ఎడమ జేబులోకి.

మూడో స్టేషన్ దాటగానే వాన పట్టుకుంది. అందరూ కిటికీల ఇనుప తలుపులు దించేశారు, పెట్టె లోపలంతా మసక. ఒకచోట బండి చాలాసేపు ఆగింది, పదకొండు నిమిషాలు. గింజ మార్చాను. మా ఆవిడ తలుపు దగ్గరికి వెళ్లి తొంగిచూసి వచ్చి, నా జేబు వైపు చూసి ఏదో అనబోయి మానేసింది. తొమ్మిదో గింజ పడగానే నేను సంచి అందుకుని హడావుడిగా ఆమెను దించాను. మేం దిగడం, బండి కదలడం ఒక్కటే అయింది.

అది ఊరు కాదు. ఒక గది, ఒక బెంచీ, పచ్చజెండా చుట్టుకుంటున్న ఒక మనిషి. నేను కాగితం చూపించి బాలుగావ్ అంటే, ఆయన తల అడ్డంగా ఊపి, రైలు వెళ్లిన వైపు చెయ్యి చాపి ఒక వేలు చూపించాడు. ఇంకొకటి. పన్నెండేళ్ల పనిలో గింజల లెక్కకు ఒక్క కట్ట తేడా రానివాణ్ణి, భార్యను తీసుకుని ఒక స్టేషన్ ముందు దిగిపోయాను.

అక్కడ పట్టాలు చూసుకుంటూ నడిచే గ్యాంగ్‌మన్ ఒకాయనకు తెలుగు వచ్చు, బరంపురం పక్క మనిషి. "మళ్లీ ఇక్కడ ఆగే బండి రేపొద్దున్నేనండి. రోడ్డు మీదికెళ్తే జీపు దొరుకుద్ది, అరగంటలో దిగిపోతారు" అని దయగానే చెప్పాడు. రోడ్డు ఎంతో దూరం లేదు. జీపు కూడా నిలబడే ఉంది, లోపల అప్పటికే తొమ్మిది మంది, ఇంజను నడుస్తోంది.

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే కోపం వచ్చే మాట అప్పుడన్నాను. అరగంటే కదా, కళ్లు మూసుకో, ఒకవేళ ఏమైనా అయినా ఇది నేను లెక్కలో వేయను, ఇంటి దగ్గర ఎవరికీ చెప్పను అన్నాను.

"నా కడుపుకు నీ లెక్క తెల్వదయ్యా" అంది.

అని కూడా, నా మొహం చూసి కాబోలు, జీపు దగ్గరికి నడిచింది. వెనక కమ్మీ పట్టుకుని ఒక కాలు పైన పెట్టింది. పొగ ఒక్కసారి మొహాన కొట్టింది. ఆమె మెడ నరాలు బిగుసుకోవడం నాకు కనిపించింది, ఆ గుర్తు నాకు బాగా తెలుసు. ఆరు రోజులూ, అంతకు ముందు రెండు నెలలూ, ఇక ముందున్న ఏళ్లూ అన్నీ ఆ కమ్మీ మీద ఉన్నాయి. ఆమె కాలు దించేసింది. రెండడుగులు వెనక్కి వేసి, గట్టిగా ఊపిరి పీల్చుకుని, గ్యాంగ్‌మన్ వైపు తిరిగింది.

"నడిస్తే ఎంత దూరమన్నా?"

తొమ్మిది కిలోమీటర్లు అన్నాడు. పట్టాల పక్కన ఊరివాళ్లు నడిచే బాట ఉందని, సగం దాకా తానూ అటే వెళ్తానని చెప్పాడు. "తొమ్మిదేనా? మా సంత అంతకంటే దూరం" అని ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, నా చేతిలోని సంచి లాక్కుని నెత్తిన పెట్టుకుంది. ముందు ఆమె, వెనక నేను, నా వెనక సుత్తి భుజాన వేసుకుని గ్యాంగ్‌మన్.

ఆ నడకలో ఆమెను చూస్తే నాకు అంతకు ముందెప్పుడూ చూడనట్టే అనిపించింది. ఎనిమిదేళ్లుగా బస్సుల్లో వంగిపోయి, కొంగుతో నోరు మూసుకుని, నలుగురి ముందు నలిగిన మనిషిగానే ఆమె నాకు ప్రయాణంలో తెలుసు. ఇక్కడ తడిసిన బాట మీద నెత్తిన మూట కదలకుండా, ఒక్కసారి కూడా కింద చూసుకోకుండా పోతోంది. రెండో కిలోమీటరు రాయి దగ్గరికే నా కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. ఆమె ఆగి, పక్కన మోదుగాకులు నాలుగు కోసి, మెత్తగా నలిపి నా మడమలకు చుట్టి, సంచి తాడు పోగు తీసి కట్టింది. గ్యాంగ్‌మన్ అది చూసి, ఇరవై ఏళ్లుగా ఈ దారిన నడుస్తున్నాను గాని ఈ వైద్యం నాకు తెలియదమ్మా అన్నాడు.

వాన ఆగింది. ఒక మలుపు తిరిగేసరికి కుడివైపు కొండ పక్కకు తొలగి చిలకా సరస్సు కనిపించింది. అవతలి ఒడ్డు లేదు. అల లేదు. మబ్బులో నీళ్లు ఎక్కడ కలిశాయో తెలియదు, మధ్యలో తెల్లగా పక్షుల బారు. ఆమె అంతసేపట్లో మొదటిసారి ఆగింది.

"గిదేంది, గోదారి నడిచి నడిచి ఇక్కడ కూసున్నట్టున్నది" అంది.

రైల్లో పోయి ఉంటే ఆ ఇనుప తలుపుల వెనక మేం దాన్ని చూసే ఉండేవాళ్లం కాదు. అక్కడ ఒక రాతి మీద కూర్చుని గ్యాంగ్‌మన్‌కు కూడా ఇప్పపువ్వు ఉండ పెట్టి, మేమూ తిన్నాం. అప్పుడు నేను కాగితం తీసి, ఎక్కడ తప్పు పోయిందో పైకే లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆమె నా ఎడమ జేబులో చెయ్యి పెట్టి ఒక గింజ బయటికి తీసింది.

"గిది ఎక్కువ. నడుమ శానాసేపు ఆగింది చూడు, గప్పుడు వేసుకున్నవ్. ఎవ్వరు ఎక్కలే, ఎవ్వరు దిగలే. గది టేషన్ ఎట్లయితది? సిగ్నల్ లేక ఆగింది."

మరి అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్దామనుకున్న. లెక్క నీది గదా, నాకేం తెలుసులే అని ఊకున్న."

బండి ఆగడమే నేను లెక్కపెట్టాను. ఎందుకు ఆగిందో, ఎవరి కోసం ఆగిందో చూడలేదు. విజయవాడ వంతెన మీద గంటసేపు ఆమె చూసిందేమిటో అప్పుడు అర్థమైంది. ఆ గింజను ఆమె కొంగున ముడి వేసుకుంది. మిగిలిన చింతగింజలన్నీ నేను కుడి జేబులోకి పోసుకుని, ఇక తిరుగు ప్రయాణమంతా ఎక్కడ దిగాలో నువ్వే చెప్పు అన్నాను.

సగం దారిలో గ్యాంగ్‌మన్ ఆగిపోయి, మేం కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూ నిలబడ్డాడు. రెండు గంటల యాభై నిమిషాలకు బాలుగావ్ చేరాం. ఆ సాయంత్రం సరస్సు మీదికి వెళ్లేటప్పుడు కూడా మోటరు పడవలన్నీ వదిలేసి, తెడ్లు వేసే ఒక ముసలాయన్ని ఆమే వెతికి పట్టుకుంది. వెనక్కి వచ్చేటప్పుడు నాలుగు రోజులూ ఆమే చెప్పింది, ఇదిగో దిగేవాళ్లు మూటలు సర్దుకుంటున్నారు, ఇదిగో ఎక్కేవాళ్లు కనిపిస్తున్నారు అని. ఒక్క స్టేషన్ తప్పలేదు. కొత్తగూడెంలో సైకిలు తీసుకుని ఇల్లు చేరేసరికి పదకొండు రోజులు, ఏడు రైళ్లు, వాంతులు సున్నా. నా పుస్తకంలో నేను రాసుకున్న సున్నాలలో అంత అందమైనది ఇంకొకటి లేదు.

ఆ క్రిస్మస్‌కు మా అక్క మా ఇంటికి వచ్చి, ఎక్కడెక్కడ తిరిగారో చెప్పమని అడిగింది. మా ఆవిడ కేకు ముక్కలు పళ్లెంలో పెడుతూ, తలెత్తకుండానే చెప్పింది.

"బస్సుకు కాళ్లు రాలే గద వదినా. గందుకే మీ తమ్ముణ్ణే నడిపిచ్చిన, తొమ్మిది కిలోమీటర్లు."

అందరికంటే ముందు నవ్వింది మా అక్కే. ఆ తర్వాత ఆమె మా ఆవిడను ఎవరి ముందూ ఒక్క మాట అనలేదు. ఒక్కసారి ఆ ధైర్యం వచ్చాక మా ఆవిడ ఆగలేదు, ఇప్పుడు అమ్మాయి దగ్గరికి నేను లేకపోయినా ఒక్కతే వెళ్లి వస్తుంది. మోటరు ఇప్పటికీ పడదు. ఇదంతా జరిగి ఇరవై నాలుగేళ్లయింది, నా మోకాళ్లు ఇప్పుడు సైకిలుకు పనికిరావు కనుక కొత్తగూడెం దాకా ఆటోలో, మూడుచోట్ల దిగి గాలి పీల్చుకుంటూ పోతాం. భద్రాచలం పేరున్న స్టేషన్ మాత్రం ఇంకా అక్కడే ఉంది.

మొన్నటి ప్రయాణంలో దిగే ముందు ఎదుటి అబ్బాయిని ఒక్కటి అడిగాను, బరంపురం తర్వాత వచ్చే స్టేషన్ల వరస చూపించగలవా బాబూ అని. అతను వేలితో రెండుసార్లు తోసి, చక్కటి తెలుగు అక్షరాల్లోనే చూపించాడు. చాలా బళ్లు ఇప్పుడు ఈ చిన్నవాటిలో ఆగవంకుల్ అన్నాడు. నేను కళ్లజోడు సర్దుకుని ఒకటి, రెండు అని దిగుతున్నాను. ఇన్నేళ్లుగా పేరు తెలియని ఆ ఎనిమిదో స్టేషన్ పేరు చదవబోతుండగా ఆమె ఫోను మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. "వద్దులే, పేరు తెల్వకనే గదా అంత మంచిగ నడిచినం" అంది. ఆ అబ్బాయికి ఏమీ అర్థం కాలేదు, పాపం, ఫోను తీసేసుకున్నాడు.

లెక్కల మనిషిని కనుక ఆ నీలం చుక్కను నేను మెచ్చుకోకుండా ఉండలేను. దానికి గింజలు అక్కర్లేదు, వాన అడ్డం కాదు, అది ఎవరినీ ఒక స్టేషన్ ముందు దించదు. దాన్ని నమ్ముకున్నవాళ్లు ఎవరూ తడిసిన బాట మీద తొమ్మిది కిలోమీటర్లు నడవరు, నడవాల్సిన పనీ లేదు. మోదుగాకు ఎందుకు పనికొస్తుందో వాళ్లకు తెలియకపోయినా వాళ్లు చేరాల్సిన చోటికి చేరతారు. అది మంచిదే. అయినా నేను జీవితంలో సరిగ్గా లెక్కపెట్టిన లక్షల కట్టలలో ఒక్కటీ గుర్తు లేదు, ఎక్కువైన ఆ ఒక్క గింజ మాత్రం మా ఆవిడ గుండీల డబ్బాలో ఇప్పటికీ ఉంది.

విశాఖపట్నం ఇంకా కొంచెం దూరం ఉందనగా రైలు ఆగింది. మాది ఏసీ పెట్టె, అద్దాలు తెరుచుకోవు, ఎవరూ తలెత్తలేదు. ఆమె రెండు అరచేతులూ కళ్లకు అటూ ఇటూ అడ్డం పెట్టుకుని, నుదురు అద్దానికి ఆనించి బయటికి చూసింది.

"ఎవ్వరు ఎక్కలే, ఎవ్వరు దిగలే. ఇంక రాలే" అంది.

నీలం చుక్క కూడా అదే చెప్పిందట. కానీ ఆ పెట్టె మొత్తంలో బయటికి చూసి చెప్పింది ఆమె ఒక్కతే.